తాళం తీశాక వెలిగిన ఎర్రచుక్క

సోమవారం తెల్లవారుజామున నాలుగున్నర. కోనసీమలో కొత్తపేట దగ్గర ఒక పల్లె. కొబ్బరిచెట్ల పక్కన రేకుల పంచలో 1996 నాటి అంబాసిడర్. లెక్కల మేష్టారు కూర్చుని తాళం తిప్పారు. సెల్ఫ్ ఒకసారి మూలిగింది. రెండోసారి తిప్పితే ‘టక్’మంది. మూడోసారి ఆ టక్కు కూడా లేదు.

పక్క సీట్లో ఆయన భార్య. ఒళ్లో ఆసుపత్రి ఫైలు, కాళ్ల దగ్గర ఫ్లాస్కూ దుప్పటీ సర్దిన వైరుబుట్ట. ఏడు గంటలకల్లా రాజమండ్రిలో డయాలసిస్ మంచం మీద ఉండాలి. సోమవారం, గురువారం, వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. మూత్రపిండాలు పనిచేయని మనిషికి ఆ నాలుగు గంటలు ఆలస్యమైతే ఒంట్లో నీరు పెరుగుతుంది, పొటాషియం పెరుగుతుంది, ఊపిరి బరువెక్కుతుంది.

“ఏవండీ, మేనల్లుణ్ణి లేపండి. తోస్తారు.”

మేనల్లుడొచ్చాడు. పక్కింటి పాలేళ్లు ఇద్దరొచ్చారు. రాత్రి కురిసిన వానకి నేల జారుతోంది. సెకండ్ గేర్లో పెట్టి, వీధి చివరిదాకా తోసి క్లచ్ వదిలారు. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్లీ తోశారు. మళ్లీ అంతే. బ్యాటరీ నీరసంగా ఉంటే తోసి లేపొచ్చు. పూర్తిగా చచ్చిపోతే తోసీ లాభం లేదు. ఇగ్నిషన్ కాయిల్‌కి కొంచెం కరెంటు కావాలి. ఆల్టర్నేటర్‌లో అయస్కాంతం పుట్టడానికీ ముందు కొంచెం కరెంటు కావాలి. ఆ కొంచెం కూడా ఆ బ్యాటరీలో మిగల్లేదు.

చివరికి రావులపాలెం నుంచి కిరాయి కారు పిలిపించారు. గౌతమి వంతెన దాటి, జొన్నాడ, వేమగిరి మీదుగా ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిదైంది. అవతల రెండో విడత రోగులు వరసలో కూర్చుని ఉన్నారు. ఆవిడకి ఆ రోజు దొరికిన సమయం తక్కువ. ఆ రాత్రి ఆవిడ పడుకోలేక, గోడకి దిండు ఆనించుకుని కూర్చునే తెల్లవార్చారు.

ఈ గాథలో మనుషుల పేర్లు రాయడం లేదు. ఒక పాత కారులో ఎవరికీ కనపడకుండా బ్యాటరీని తాగేస్తున్నదాన్ని వాళ్లు ఎలా పట్టుకున్నారన్నదే చెప్పాలి.

ఆ బ్యాటరీ పాతదేమీ కాదు. అంతకుముందున్నది అయిదేళ్లు నమ్మకంగా పనిచేసి సంక్రాంతికి ప్రాణం వదిలింది. దాని స్థానంలో కొత్తది కొన్నారు. ఉగాది వచ్చేసరికి అది మూడు రోజులు నిలబెడితే చాలు, దిగిపోవడం మొదలైంది. కొన్న కొట్టువాళ్లు ఛార్జింగ్ పెట్టి ఇచ్చారు. మళ్లీ దిగింది. వారంటీ కింద వేరేది ఇచ్చారు. అదీ అంతే. ఒక మెకానిక్ స్టీరియో మీద అనుమానపడి దాని వైర్లు పీకి చూసి, లాభం లేక మళ్లీ తగిలించాడు. ఇంకొకాయన ఎర్త్ పట్టీ మార్చాడు. మూడో ఆయన ఇంజన్ నడుస్తుండగా మీటరు పెట్టి, “13.9 చూపిస్తోందండి, ఛార్జింగ్ శుభ్రంగా ఉంది, ఆల్టర్నేటర్‌కి ఏ రోగమూ లేదు” అని తేల్చాడు. ఆ ఒక్క మాట వాళ్లని చాలాకాలం తప్పుదారిలో నడిపించింది.

మన ఊళ్లలో బండి లేవకపోతే ముందు అమ్ముడుపోయేది బ్యాటరీ. కారణం వెతకడానికి గంట పడుతుంది, బ్యాటరీ మార్చడానికి పది నిమిషాలు చాలు. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీని పూర్తిగా దిగనిచ్చి అలా వదిలేస్తే, దాని పలకల మీద ఏర్పడే లెడ్ సల్ఫేట్ గట్టిపడి, మళ్లీ ఛార్జింగ్ పెట్టినా పూర్తిగా కరగదు. అలా నాలుగైదుసార్లు జరిగితే కొత్త బ్యాటరీ కూడా ముసలిదైపోతుంది. అప్పుడు మీటరు పెట్టిన ప్రతివాడూ ‘బ్యాటరీ పోయింది’ అనే అంటాడు. అనడం నిజమే. దాన్ని చంపిందేమిటో మాత్రం ఎవరూ అడగరు. వేలకి వేలు పోసి కొన్న వస్తువును ఇలా పోగొట్టుకుంటున్న కుటుంబాలను చూస్తే నాకు కష్టంగా ఉంటుంది.

మేష్టారు అడిగారు. ముప్పై ఏళ్లకి పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. చవక రకం మల్టీమీటరొకటి కొని, పిల్లల రఫ్ నోట్‌బుక్కులో గీతలు గీసి రాయడం మొదలెట్టారు. గురువారం సాయంత్రం బండి చల్లబడ్డాక 12.6 వోల్టులు. శుక్రవారం ఉదయం 12.4. శనివారం ఉదయం 12.0. ఆదివారం 11.5.

నిండా ఛార్జి ఉన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ ఏ పనీ చేయకుండా నిలబడి ఉన్నప్పుడు 12.6కి అటూ ఇటూ చూపిస్తుంది. 12.2 అంటే సగం అయిపోయినట్టు. 12కి దిగితే పావువంతు మిగిలినట్టు. ఆ బ్యాటరీ 60 ఆంపియర్ అవర్లది. మేష్టారు భాగహారం వేశారు. రోజుకి సుమారు పాతిక ఆంపియర్ అవర్లు పోతున్నాయి. అంటే ఎల్లవేళలా, తాళం తీసి ఉన్నా, ఒక ఆంపియర్ చొప్పున ఎవరో తాగుతున్నారు. గడియారానికీ, స్టీరియో జ్ఞాపకానికీ కలిపి అందులో ఇరవయ్యో వంతు కూడా అక్కర్లేదు.

పన్నెండు వోల్టుల్లో ఒక ఆంపియర్ అంటే పన్నెండు వాట్లు. కారులో ఎక్కడో ఒక బల్బు వెలుగుతోందన్నమాట! అలా అనుకుని ఆ రాత్రి టార్చి పట్టుకుని బండి అంతా వెతికారు. డ్యాష్‌బోర్డు అర తెరిచారు. బానెట్ ఎత్తారు. బ్రేక్ లైట్లు చూడ్డానికి మోకాళ్ల మీద కూర్చున్నారు. డిక్కీ మూసేస్తే లోపలి దీపం ఆరుతోందో లేదో బయటినుంచి తెలీదు గనక, ఫోన్లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి డిక్కీ మూశారు. తీసి చూస్తే మూసిన క్షణం నుంచీ చీకటే. సీటు కింద ఎలుకలు వైరు కొరికాయేమోనని పట్టాలన్నీ లేపారు. కోనసీమలో కోతల తర్వాత చేలల్లోంచి ఎలుకలు ఇళ్లలోకి చేరడం, బండ్లలో గూళ్లు పెట్టడం మామూలే. గూడు దొరికింది. కొరికిన వైరు మాత్రం లేదు.

టార్చి వెలుగులో వెతకడమే ఆయన చేసిన పొరపాటని అప్పటికి ఎవరికీ తెలీదు.

దారి తోచక ఒక ఉపాయం పట్టుకున్నారు. ఆసుపత్రి నుంచి రాగానే పదో నంబరు స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ క్లాంపు ఊడదీసి పక్కన పెట్టడం, వెళ్లే రోజు తెల్లవారుజామున మళ్లీ తగిలించడం. బ్యాటరీ దిగడం ఆగింది. బండి లేస్తోంది. ఆవిడ ముందే వచ్చి సీట్లో కూర్చునేవారు, ఆయన చీకట్లో బానెట్ కింద వంగి నట్టు బిగించేవారు. డెబ్బై దాటిన నడుము అది. వానాకాలం వచ్చింది. ఉప్పుగాలికీ తేమకీ క్లాంపు మీద చిలుం పేరుకుపోయేది, రుద్ది తుడవాలి. ఊడదీసి బిగించి, ఊడదీసి బిగించి, ఒక గురువారం ఆ సీసపు క్లాంపు చెవి పుటుక్కున విరిగింది.

బైండింగ్ వైరుతో చుట్టేసి రాజమండ్రి చేరారు. ఆవిణ్ణి లోపలికి పంపించి, మేనల్లుడితో, “ఈ నాలుగ్గంటల్లో ఇది తేలాలిరా” అన్నారు మేష్టారు.

మోరంపూడి జంక్షన్ దగ్గర ఒక పాత షెడ్డు. అందులో ఆటో ఎలక్ట్రీషియన్ సాయిబుగారు. పాత అంబాసిడర్ల వైరింగ్ ఆయనకి కంఠతా వచ్చని లారీల వాళ్లు చెప్పారు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో ఆ కారు తయారీ 2014 మేలో ఆగిపోయింది. కొత్త కార్లకి కంప్యూటర్లు తగిలించి తప్పులు చదివే కుర్రాళ్లు వచ్చాక, ఈ బండి బానెట్ ఎత్తి చూసే చేతులు తగ్గిపోయాయి.

సాయిబుగారు ముందు బండిని ముట్టుకోలేదు. నోట్‌బుక్కు అడిగి తీసుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని చదివారు.

“గంటకో ఆంపియరు. మీరే తేల్చేశారు కదండీ మేష్టారూ.”

“ఎంత పోతోందో తేల్చాను సాయిబుగారూ. ఎటు పోతోందో తేలలేదు.”

“ఆయ్. ఎటో చూద్దారి.”

నెగటివ్ తీగ ఊడదీసి, ఆ తీగకీ బ్యాటరీ కొసకీ మధ్య ముందు ఒక బల్బు పెట్టారు. రెండు వైర్లు అతికించిన ఇండికేటర్ బల్బు. బండిలో ఏదీ కరెంటు లాగకపోతే అది వెలగకూడదు. మసకగా వెలిగింది. అప్పుడు బల్బు తీసి ఆ చోటే మీటరు పెట్టారు. ఎర్ర వైరు పది ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి మరీ పెట్టారు. “ఇప్పుడు తాళం ముట్టుకోకండి బాబూ. సెల్ఫ్ కొడితే మీటరు మాడిపోద్ది” అని మేనల్లుణ్ణి దూరంగా నిలబెట్టారు. తలుపు తెరిచినప్పుడల్లా వెలిగి లెక్క తప్పించకుండా లోపలి దీపం బల్బు పీకేశారు.

మీటరు మీద 1.02.

దొంగ ఇంకా లోపలే ఉన్నాడు. ఇక ఫ్యూజులు ఒక్కొక్కటీ తీయడం. ఏ ఫ్యూజు తీస్తే అంకె పడిపోతుందో దొంగ ఆ దారిలో ఉన్నట్టు. హారన్ ఫ్యూజు తీశారు, 1.02. స్టీరియో దారి తీస్తే 1.00. వైపర్లు, ఇండికేటర్లు, ఏది తీసినా అంకె చలించలేదు. అన్నీ తీసేశాక 0.99. ఫ్యూజు పెట్టె ఖాళీ, బండి నిండా తాగుడు.

షెడ్డులో పనిచేసే కుర్రాడు ఫ్యూజులు గిన్నెలో వేసి సాయిబుగారి మొహం చూశాడు. సాయిబుగారు స్టూలు మీద కూర్చుని టీ తెప్పించారు. గంటన్నర గడిచింది. మేష్టారు గడియారం చూసుకుంటూనే ఉన్నారు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఫ్యూజులన్నీ తీసినా లీకేజీ పోకపోతే, ‘వైరింగ్ అంతా మార్చాలి’ అనేస్తారు. కానీ కారులో కొన్ని దారులు ఫ్యూజు పెట్టె గుమ్మం తొక్కవు. సెల్ఫ్ మోటారుకి వెళ్లే లావు తీగ అలాంటిది. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి వచ్చే ఛార్జింగ్ తీగ కూడా ఈ బండిలో అలాంటిదే. పగలూ రాత్రీ, తాళం ఉన్నా లేకపోయినా, అది బ్యాటరీకి తగులుకునే ఉంటుంది.

మధ్యాహ్నం ఆవిణ్ణి బంధువులు ఆటోలో షెడ్డుకి తీసుకొచ్చారు. డయాలసిస్ అయ్యాక మనిషి వడిలిపోయి ఉంటుంది. కారు ముందు సీట్లో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. మగాళ్లు బయట ఫ్యూజుల గురించి మాట్లాడుకుంటుంటే కాసేపు విన్నారు. తర్వాత మెల్లిగా అన్నారు.

“ఏవండీ, ఆ ఎర్రదీపం గురించి చెప్పారా?”

“ఏ ఎర్రదీపం?”

“తెల్లారుజామున మీరు ముందు వైరు తగిలిస్తారు చూడండి, తగిలించగానే ఇక్కడ చిన్నగా ఎర్రచుక్క వెలుగుద్ది. తాళం ఇంకా మీ చేతిలోనే ఉంటుంది. వైరు తగిలిస్తే అలాగే వెలుగుద్దేమో అనుకున్నాను.”

సాయిబుగారు టీ గ్లాసు కింద పెట్టారు.

“అమ్మా, మళ్లీ చెప్పండి. తాళం పెట్టకముందే వెలుగుతోందా?”

“ఆయ్. చీకట్లో బాగా కనపడుద్ది.”

ఆయన మీటరు తీసి, తీగను నేరుగా బ్యాటరీకి అంటించి పట్టుకోమని కుర్రాడికి చెప్పారు. డ్రైవర్ సీట్లో కూర్చుని, తల మీదుగా టార్పాలిన్ కప్పించుకున్నారు. చీకటికి కళ్లు అలవాటుపడేదాకా కదల్లేదు. ఆ తర్వాత టార్పాలిన్ లోంచి మాట వినిపించింది. “ఉంది. ఛార్జింగ్ దీపం.”

ఆరు నెలల కష్టం ఆ చుక్కతో విడిపోయింది.

ఆ దీపానికి రెండు వైపులుంటాయి. ఒక వైపు తాళం, ఇంకో వైపు ఆల్టర్నేటర్. తాళం తిప్పగానే ఒక వైపే కరెంటు ఉంటుంది గనక వెలుగుతుంది. ఇంజన్ తిరిగి ఆల్టర్నేటర్ కరెంటు పుట్టించాక రెండు వైపులా సమానమై ఆరిపోతుంది. తాళం తీసేశాక ఏ వైపూ కరెంటు ఉండకూడదు. అయినా వెలుగుతోందంటే కరెంటు ఆల్టర్నేటర్ వైపు నుంచి ఎదురొస్తోంది. తిరగని ఆల్టర్నేటర్‌కి కరెంటు ఎక్కడిది? బ్యాటరీదే. మసక వెలుగు గనక టార్చి పట్టుకుని వెతికిన మనిషికి కనపడలేదు. చీకట్లో ఊరికే కూర్చున్న మనిషికి కనపడింది.

సాయిబుగారు సన్నటి హాక్సా బ్లేడు ముక్క తీసుకుని ఆల్టర్నేటర్ వెనక బేరింగ్ దగ్గరికి చేర్చారు. అది లాక్కున్నట్టు అంటుకుంది. బ్యాటరీ తీగ పైకి లేపించారు. పట్టు సడలింది. తగిలించారు. మళ్లీ లాగింది. తాళం లేకుండానే లోపల అయస్కాంతం తయారవుతోంది. అప్పుడు మీటరు మళ్లీ పెట్టి, ఫ్యూజులన్నీ తిరిగి ఎక్కించి, ఆల్టర్నేటర్ వెనక లావు తీగ నట్టు విప్పి పక్కకి లాగారు.

0.03.

మేష్టారు ఆ అంకెను నోట్‌బుక్కులో రాసుకుని కింద రెండు గీతలు కొట్టారు.

“డయోడ్ పోయిందండి,” అన్నారు సాయిబుగారు. “మీది కోనసీమ. మురుగు కాలువలు సముద్రంలో కలిసేచోట స్లూయిస్ తలుపులు ఎరుగుదురు కదా. ఊళ్లో నీరు బయటికి పోవాలి, పోటు మీద ఉప్పునీరు లోపలికి రాకూడదు. డయోడ్ ఆ తలుపు. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి వెళ్లనిస్తుంది, బ్యాటరీ నుంచి వెనక్కి రానివ్వదు. మీ తలుపుల్లో ఒకటి పూర్తిగా మూసుకోవట్లేదు.”

మేష్టారికి వేరే వివరం అక్కర్లేకపోయింది. తలుపు చెడితే వరిచేనుకి ఏమవుతుందో ఆయన చూశారు. నీరు సరిగా తీయక నష్టాలు మీదపడి 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించిన సంవత్సరం ఆయన చేనూ ఖాళీగానే ఉంది.

మరి మూడో మెకానిక్ చూసిన 13.9 మాటేమిటి? అదీ నిజమే. ఒక డయోడ్ కొంచెం కారుతున్నా మిగతావి బాగుంటే ఇంజన్ నడిచేటప్పుడు ఛార్జింగ్ దాదాపు మామూలుగానే ఉంటుంది. బండి ఆగాకే దాని పని మొదలవుతుంది. కారుతున్న కరెంటు లోపలి చిన్న డయోడ్ల మీదుగా రోటర్ చుట్టలోకి పోయి దాన్ని అయస్కాంతం చేస్తూ, రాత్రంతా వేడిగా వృథా అవుతుంది. నడుస్తున్నప్పుడు పరీక్షించి వదిలేస్తే ఈ జబ్బు దొరకదు.

ఎర్రదీపం మాట వినగానే సాయిబుగారి అనుమానం ఇటే పోవడానికి కారణం ఆయన వయసు. ఆయన పని నేర్చుకున్న రోజుల్లో అంబాసిడర్లకి డైనమోలుండేవి. డయోడ్లు లేవు, వెనక్కి రాకుండా ఆపడానికి కటౌట్ ఉండేది. దాని కాంటాక్టులు మాడి అతుక్కుపోతే ఆపిన బండిలో బ్యాటరీ కరెంటంతా డైనమోలోకి పారేది. సిలికాన్ డయోడ్లు చవకయ్యాక, 1960ల నుంచి ప్రపంచమంతా ఆల్టర్నేటర్లకి మారింది. తలుపు మారింది, తలుపు పాడైతే జరిగేది మారలేదు. ఇలాంటి చేతులు షెడ్లలోంచి ఒక్కొక్కటీ వెళ్లిపోతున్నాయి, ఆ జ్ఞానం ఎవరూ రాసిపెట్టడం లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆల్టర్నేటర్ విప్పి బల్ల మీద పెట్టారు. డయోడ్ ప్లేటు తీసి, మీటరు రెండు కొసలూ ఒక్కో డయోడ్‌కి అటొకసారి ఇటొకసారి పెట్టి చూస్తున్నారు. ఒకటి రెండు వైపులా చూపించింది. అదే.

“మేష్టారూ, ఈ బండికి ఎవరైనా జంపర్ వైర్లు తిరగేసి పెట్టారా?”

షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. మేష్టారు లేదన్నట్టు తల అడ్డంగా ఊపబోతుంటే మేనల్లుడు ముందుకొచ్చాడు.

“నేనే మావయ్యా. భోగినాడు పాత బ్యాటరీ లేవకపోతే మన ట్రాక్టరు బ్యాటరీ నుంచి వైర్లు తగిలించాను. తెల్లారలేదు, గుర్తులు కనపళ్లేదు. ఒక్క చిటికె అంటించానండి, మంట లేచేసరికి పీకేశాను. తర్వాత సరిగ్గా పెడితే స్టార్టయిపోయింది. పోయిందేమీ లేదనుకున్నాను.”

తిరగేసి పెడితే డయోడ్లన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి, తట్టుకోలేనంత కరెంటు వాటిలోంచి దూకుతుంది. ఒక్క క్షణం చాలు. కొన్ని అప్పటికప్పుడే మాడతాయి. కొన్ని సగం చచ్చి బతుకుతాయి. మేష్టారు నోట్‌బుక్కు వెనక్కి తిప్పారు. భోగి తర్వాత రెండు రోజులకి కొత్త బ్యాటరీ కొన్నట్టు ఆయన చేత్తోనే రాసి ఉంది. కొత్త బ్యాటరీ చెడ్డదని అందరూ ఆర్నెల్లు దాన్నే తిట్టారు.

కుర్రాడు పాతసామాన్ల కొట్టుకి పోయి సరిపోయే డయోడ్ ప్లేటు తెచ్చాడు. దాని ఖరీదు బ్యాటరీ ధరలో పదోవంతు కూడా లేదు. టంకం వేసి, మూసి, బిగించి, కొత్త క్లాంపు వేశారు. మీటరు 0.03. టార్పాలిన్ కింద చీకటి. హాక్సా బ్లేడు అంటుకోలేదు.

డబ్బు తీసుకునే ముందు సాయిబుగారు మేనల్లుణ్ణి బ్యాటరీ దగ్గరికి పిలిచారు. “చెప్పు బాబూ. ముందు ఏది?”

“ఎర్రది చచ్చిన బ్యాటరీ ప్లస్సుకి.”

“రెండో కొస?”

“మంచి బ్యాటరీ ప్లస్సుకి. నల్లది మంచి బ్యాటరీ మైనస్సుకి. చివరి కొస...” ఆగాడు.

“చివరి కొస బ్యాటరీకి కాదు. లేవని బండి ఇంజన్ ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. ఆఖరి కొస అంటించినప్పుడు నిప్పురవ్వ రేగుద్ది, బ్యాటరీ పైన హైడ్రోజన్ గ్యాసు ఉండొచ్చు. తీసేటప్పుడు వెనకనుంచి ముందుకి. చీకట్లో అయితే?”

“టార్చి వేసి గుర్తులు చూసి.”

ప్లస్ కొస చుట్టూ కుర్రాడి చేత ఎర్రరంగు పూయించారు. ఆ బ్యాటరీ ఎక్కువసార్లు దిగింది గనక పూర్తి బలం రాకపోవచ్చని, రాత్రంతా తక్కువ ఆంపియర్లతో నెమ్మదిగా ఛార్జి చేస్తే ఏడాది లాగొచ్చని చెప్పి, వేరే బ్యాటరీ ఇచ్చి పంపించారు. శనివారం మేనల్లుడు వచ్చి తమది తీసుకెళ్లి బిగించాడు.

సోమవారం ఉదయం నాలుగున్నరకి మేష్టారు బానెట్ ఎత్తి మీటరు పెట్టారు. 12.5. రాసుకున్నారు. తాళం తిప్పగానే ఇంజన్ లేచింది. ఏడింటి విడతకి ఇరవై నిమిషాల ముందే ఆసుపత్రి చేరారు. ఆవిడకి ఆ రోజు నాలుగు గంటలూ పూర్తిగా దొరికాయి.